పన్నెండు పట్టీల జంపఖానా

గంజి ఆరిపోతోంది.

నల్లచెలిమల నేతపేట వీధి నడుమ, కత్తెర కర్రల మీద, నాలుగు చీరల పడుగు పోగులు నిలువునా పరిచి ఉన్నాయి. ఒక కొసన నాగప్ప, రెండో కొసన అతని తండ్రి చౌడప్ప కుంచెలు పట్టుకుని పరుగులాంటి నడకతో దువ్వుకుంటూ వస్తున్నారు. ఇద్దరూ నడుమకు చేరేసరికి వెనక దువ్విన పోగులు మళ్లీ అంటుకుంటున్నాయి. సుంకమ్మ గంజి కుండ చంకన పెట్టుకుని, తడిగుడ్డతో అక్కడా ఇక్కడా తడుపుతూ ఉరుకుతోంది. చైత్రమాసం ఎండ. పొద్దు బారెడెక్కకముందే గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు వస్తోంది.

పడుగుకు గంజి పట్టించడం ఒక్క ఇంటివాళ్ల పని కాదు. అటు నలుగురు, ఇటు నలుగురు నిలబడి ఒకే ఊపున దువ్వాలి. చేతులు తక్కువైతే పోగు పోగును పట్టుకుంటుంది, ఇక అది మగ్గం ఎక్కదు. అందుకే పేటలో వంతులున్నాయి. ఈరోజు నీ పడుగుకు నేను వస్తే రేపు నా పడుగుకు నువ్వు వస్తావు. దానికి కూలి లేదు. తాతల నాటి నుంచి ఆ వంతు ఎగ్గొట్టినవాడు లేడు.

ఈరోజు పేట పేటంతా ఎగ్గొట్టింది.

తెల్లవారేటప్పుడు ఇదే పడుగు సుంకమ్మకు ఎంత ముద్దొచ్చిందో! తడిసిన పోగుల మీద తొలి వెలుగు పడితే, వీధిలోకి ఏరు వచ్చి పడుకున్నట్టే ఉంది. నాగప్ప కుంచె విదిలిస్తే గంజి చుక్కలు ఆమె చెంప మీద పడ్డాయి. తండ్రి చూడకుండా అతను కన్ను గీటాడు. ఏడు నెలల కాపురంలో అలాంటివి ఏరుకుంటే ఆమె దగ్గర బుట్టెడు ఉన్నాయి. ఆ చుక్కలను తుడుచుకోకుండా అలాగే ఉంచుకుంది. ఇప్పుడవి ఎండి చర్మాన్ని లాగుతున్నాయి.

"ఒరే, యాడ సచ్చినార్రా అందరూ?" చౌడప్ప గొంతు చించుకున్నాడు. "మొన్న నీ పడుగుకు నేను రాలేదా బొజ్జన్నా? నడుం పట్టుకోని దువ్వలేదా?"

ఎదురింటి బొజ్జన్న తలుపు సందులో కనబడి మాయమయ్యాడు. లోపల గడియ పడిన చప్పుడు వీధంతా వినబడింది.

అప్పుడు వచ్చాడు ఓబులేసు. డెబ్బై ఏళ్ల మనిషి. కళ్లు మందగించి రెండేళ్లుగా మగ్గం దిగిపోయాడు. వస్తూనే అరుగు మీదున్న కుంచె అందుకుని దువ్వుతూ చెప్పాడు.

"నిన్న మాపున కంబన్న ఇల్లిల్లూ తిరిగినాడంటప్పా. మన కూటంలో పరిచే జంకానాలో ఎవురి పట్టీ ఉండాదో, వాళ్ల పడుగుకు ఎవురూ చెయ్యి పెట్టగూడదంట. పెడితే వెలి. ఈ దినం పొద్దు మునిగే లోపల ఎవురి పట్టీ వాళ్లు ఇప్పదీసుకొని పోవల్లంట."

"తీసుకోకుంటే?" నాగప్ప అడిగాడు.

"నూలు రాదు. నూలిచ్చే షావుకారు కంబన్నకు వియ్యంకుడే కద."

కంబన్న పేటకు కులపెద్ద. అతని మాట మీద పెళ్లి జరుగుతుంది, పీనుగ లేస్తుంది, మగ్గం ఆడుతుంది.

"కూటంలో మగ్గమిండ్లు ఎనిమిది ఉండాయి కద తాతా," అంది సుంకమ్మ. "మనం రెండిండ్లోళ్లం ఈడనే ఉండాం. తక్కిన ఆరిండ్లూ వస్తే సాలదా? ఇంకెవురు గావల్ల?"

"అదే వాకిలి వాకిలికీ పోయి అడిగొచ్చినా తల్లీ. 'వాడు పోతే నేనూ పోతా' అన్నారు ఆరుగురూ."

కూటం మూడేళ్ల కిందట, కరువులో పుట్టింది. సర్కారు గంజి కేంద్రం ముందు కులానికొక వరస పెట్టారు. "కాగు ఒకటే, గంజి ఒకటే, ఆకలి ఒకటే. వరసలు మాత్రం ఎన్ని!" అనుకున్నాడు ఓబులేసు. వానలు పడ్డాక తన పెరట్లోని పాత కొట్టాన్ని బాగు చేయించాడు. బేతంచెర్ల నుంచి విరిగిన బండలు చవగ్గా తెప్పించి కింద పరిపించాడు. ప్రతి బేస్తవారం సాయంత్రం అక్కడ ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఓబులేసు తత్వం పాడతాడు. మిషను బడి అయ్యవారు దావీదురాజు బైబిలు చదువుతాడు. దూదేకుల హుసేనమ్మ దువా చేస్తుంది. చెప్పులు కుట్టే గిడ్డయ్యకు ఏ ప్రార్థనా రాదు. ఆ వారంలో తనకు జరిగిన మంచీ చెడ్డా చెప్పుకుంటాడు. అందరికంటే అతని ప్రార్థనకే జనం ఎక్కువ నవ్వేవాళ్లు, ఎక్కువ ఏడ్చేవాళ్లు కూడా.

కూటంలో చేరేవాళ్లు ఒక మాట ఇవ్వాలి. "నా దేవుడు నాకు, నీ దేవుడు నీకు. కూసునేది ఒక్క సాప మీద. మనలో ఒగరింట పొయ్యి ఎలగకుంటే తక్కినోల్ల గొంతు దిగదు." అంతే మాట.

కానీ ఒక్క చాప ఎక్కడ? మొదట్లో ఎవరి చాప వాళ్లు తెచ్చుకునేవాళ్లు. చాపకూ చాపకూ నడుమ జానెడు నేల మిగిలేది. ఆ జానెడు నేలే ఊరంతా. అందుకని పన్నెండు ఇళ్లకు పన్నెండు పట్టీలు, మిగులు నూలుతో నేసి, కలిపి ఒక్క జంపఖానా చేశారు. మగ్గం లేని నాలుగిళ్లకు మగ్గమున్నవాళ్లు నేసిపెట్టారు. గిడ్డయ్య పట్టీ నేసే వంతు సుంకమ్మకు వచ్చింది. పెళ్లయిన నెలకే, మధ్యాహ్నాలు మామ కునుకు తీసే వేళ, నాగప్ప ఆమెను మగ్గం గుంటలో కూర్చోబెట్టి పేక నూలున్న నాడెను అటూ ఇటూ విసరడం నేర్పాడు. తన పెళ్లి చీర నేయగా మిగిలిన ఎర్ర నూలే పేకగా పెట్టింది. నవ్వులతోనే సగం పట్టీ అయిపోయింది. అంచు వంకర టింకరగా వచ్చింది. దాన్ని చూసి గిడ్డయ్య తన కుంటికాలు ముందుకు చాపి, "నా నడక మాదిరే ఉండాది తల్లీ, ఇంగ ఇది నాదే!" అన్నాడు. పన్నెండు పట్టీలనూ మైనం పట్టించిన దారంతో కుట్టిందీ అతనే. ఎర్ర పట్టీ పక్కనే నాగప్ప నేసిన నీలం పట్టీ వచ్చేటట్టు కుట్టాడు.

వీధి మలుపులో ఇప్పుడు ఆ కుంటినడకే కనిపించింది. గిడ్డయ్య, వెనక అతని భార్య మద్దమ్మ, వాళ్ల వెనక దావీదురాజు, హుసేనమ్మ. గిడ్డయ్య చేతులు కడుక్కునే వచ్చాడు. మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇప్పుడే తెలిసిందప్పా. యాడ నిలబడల్ల? సెప్పండి."

సుంకమ్మ మనసులోనే లెక్కపెట్టింది. మామ, మొగుడు, తాత, తను. నలుగురు. వచ్చినవాళ్లు నలుగురు. సరిగ్గా ఎనిమిది! ఆమెకు గట్టిగా నవ్వాలనిపించింది.

"ఆగు!" అన్నాడు చౌడప్ప. "పడుగు అంటొద్దప్పా గిడ్డా."

గిడ్డయ్య ఎత్తిన అడుగు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"సాప మీద కూసునేది వేరే," చౌడప్ప కుంచె అడ్డం పెట్టి అన్నాడు. "నేనూ నీ పక్కన కూసున్నోన్నే. కాదన్ను. పడుగు అట్ల కాదు. మగ్గంలో దేవర ఉండాది. మా నాయన గాని, మా తాత గాని..."

గిడ్డయ్య నాగప్ప వైపు చూశాడు. సుంకమ్మా మొగుడి వైపే చూసింది. రెండు మాటలు చాలు. 'రా, గిడ్డన్నా.' ప్రతి బేస్తవారం నోరారా పిలిచే పిలుపే. నాగప్ప పెదవులు కదిలాయి. తండ్రిని చూశాడు, మూసి ఉన్న తలుపులను చూశాడు, చివరికి కుంచెలోకి చూస్తూ నిలబడ్డాడు.

గిడ్డయ్య తడిచేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

వీధిలో ఎనిమిది మంది నిలబడి ఉండగానే పడుగు ఎండిపోయింది. కాసేపటికి నాగప్ప చేయి వేసి చూస్తే, పోగులన్నీ కలిసి అట్టలా పైకి లేచాయి. చీరకు రెండున్నర లెక్కన పది రూపాయల కూలి పోయింది. షావుకారు నూలు బాకీ మీద పడింది. రూపాయికి మూడు సేర్ల జొన్నలమ్మే రోజులు. చౌడప్ప అరుగు మీద కూలబడి, తలపాగా విప్పి ముఖం కప్పుకున్నాడు.

మధ్యాహ్నం ఆ ఇంట పొయ్యి వెలగలేదు. మద్దమ్మ వచ్చి, గుడ్డలో చుట్టిన రెండు జొన్నరొట్టెలు, ఎర్రకారం అరుగు చివర పెట్టింది.

"మాట ఇచ్చినాం కదమ్మా. గొంతు దిగలేదు" అని వెళ్లిపోయింది.

చౌడప్ప గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాగప్ప లేచి పెరట్లోకి పోయాడు. సుంకమ్మ ఒక రొట్టె తుంచి కారం అద్దుకుని తింది. కారం నషాళానికి అంటింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ రెండోది కూడా సగం తింది. అంత రుచైన రొట్టె పుట్టింట్లో కూడా తినలేదు. ఆ మాట చెప్పుకుందామంటే మొగుడు పెరట్లోంచి రాలేదు.

పొద్దు వాలాక కూటం కొట్టం ముందు జనం పోగయ్యారు. జంపఖానాను వాకిట్లోకి తెచ్చి పరిచారు. కంబన్న ముక్కాలిపీట వేయించుకుని దూరంగా కూర్చున్నాడు.

"నేను సెడ్డోన్ని కాదప్పా," అన్నాడు నెమ్మదిగా. "దేవుణ్ణి ఎవురన్నా, యాడన్నా మొక్కుకోండి. కులం కట్టు తెంచొద్దండి. రేపు మన ఆడపిల్లల్ని ఎవురు సేసుకుంటారు? నా బాధ మీకు తెలీదు."

బొజ్జన్న తన పట్టీ దగ్గర వంగి కుట్టు లాగబోయాడు.

"నువ్వు అంటొద్దు," అన్నాడు కంబన్న. "కుట్టినోడే ఇప్పల్ల. మళ్లా రేపు మాట రాగూడదు."

గిడ్డయ్య సంచిలోంచి ఆరె తీశాడు. చెప్పులు కుట్టే ఆ ఇనుప ముల్లుతోనే నాలుగు దినాలు కూర్చుని ఈ కుట్లు వేశాడు. ఇప్పుడు ఒక్కొక్క కుట్టు కిందికీ దాన్ని దూర్చి, పైకి లేపి, దారం తెంచుతున్నాడు. చేయి తొందరపడటం లేదు, ఆగడమూ లేదు. విడిపోయిన పట్టీని చుట్టుకుని బొజ్జన్న చంకన పెట్టుకున్నాడు. గిడ్డయ్య ముఖం చూడలేదు. రెండో ఇంటివాళ్లు వచ్చారు, మూడో ఇంటివాళ్లు వచ్చారు. ఓబులేసు పట్టీని అతని కొడుకే వచ్చి తీసుకుపోయాడు. "నాయనా, నా పిల్లోల్లు బతకల్ల కద" అన్నాడు. ముసలాయన చేయి గాల్లోకి లేపి, దేనికి లేపాడో మరిచినట్టు దించేశాడు.

"మెల్లగా మోయండప్పా!" హుసేనమ్మ గట్టిగా అంది. "పీనుగ బరువుంటాది. ఏడ్సేదానికి నేనుండా, మీరు కానీండి!"

ఎవరూ నవ్వలేదు.

"ఒక్క పడుగు మీద నేసింటే ఇప్పేదానికి కుదిరేదే కాదు," ఓబులేసు తనలో తనే గొణిగాడు. "వేరేవేరేగా నేసి కుట్టినాం. నేతగాళ్లమై ఉండి అంత మాత్రం తట్టలేదు సూడు."

మగ్గం లేనివాళ్లలో తక్కిన ముగ్గురి పట్టీలు విడివిడిగా, గాలికి కొసలు లేస్తూ పడి ఉన్నాయి. కలిసి ఉన్నవి రెండే. నీలం, దాని పక్కన వంకర అంచు ఎరుపు.

"నీ వంతు నాగప్పా," అన్నాడు కంబన్న.

నాగప్ప ముందుకు వచ్చాడు. పొద్దున రాని మాట ఇప్పుడు వచ్చింది.

"ఇప్పు గిడ్డన్నా."

గిడ్డయ్య వంగాడు. మొదటి కుట్టు తెగింది. రెండోది తెగింది. సుంకమ్మ ఆడవాళ్ల గుంపులో నిలబడి చూస్తోంది. రేపు నూలు రాదని ఆమెకు తెలుసు. మామ మగ్గం ఆగితే మనిషే ఆగిపోతాడనీ తెలుసు. మొగుడు చేస్తున్నది తప్పని అనడానికి నోరు రావడం లేదు. అతను నాడె పట్టించిన మధ్యాహ్నాలు, తన చేతి మీద అతని చేయి, ఇద్దరూ నవ్వు ఆపుకోలేక మామ నిద్రలేస్తాడేమోనని నోరు మూసుకున్న క్షణాలు, అన్నీ ఆ ఎర్ర పట్టీలోనే ఉన్నాయి. అరజానెడు కుట్టు ఊడిపోయింది.

ఎలా వచ్చిందో వచ్చి, ఆరెకు ఒక మూర దూరంలో, రెండు పట్టీల కుట్టు మీద కూర్చుంది సుంకమ్మ.

"లెయ్ సుంకీ," అన్నాడు నాగప్ప, పళ్ల బిగువున.

"లెయ్యను."

"ఏమప్పా చౌడప్పా, ఇంట్లో పెత్తనం కోడలిదా?" కంబన్న అడిగాడు.

చౌడప్ప తలపాగా విప్పి మళ్లీ చుట్టుకోసాగాడు.

"నీలంది నువ్వు నేసినావు," సుంకమ్మ కంబన్నకు కాదు, నాగప్పకే చెప్పింది. "ఎర్రది గిడ్డన్న పేర నేను నేసినా. నీ సేతిదీ నా సేతిదీ ఈన కలిపి కుట్టినాడు. నేను లెయ్యను. నువ్వు కావల్లంటే లాగు."

"నూలు రాదు సుంకీ," అన్నాడు నాగప్ప. "ఏం తింటాం? ఏం సెయ్యమంటావు నన్ను?"

చెంప మీద పొద్దుటి గంజి చుక్క పెచ్చుగా రాలి ఎర్ర పట్టీ మీద పడింది. కుట్టును రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

గిడ్డయ్య ఆరె మొన కుట్టు కిందే ఉంది. కంబన్న వైపు చూశాడు, నాగప్ప వైపు చూశాడు, సుంకమ్మ చేతుల వైపు చూశాడు. దాన్ని పైకి లేపలేదు, బయటికీ తీయలేదు. పొద్దు మునగడానికి ఇంకా బెత్తెడు ఉంది.