మాటల తగాదా

కాలేజీ వెనక గేటు పక్కన, స్కూటర్ల షెడ్డుని ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. బయట ‘సహాయ కేంద్రం’ అని బోర్డు. లోపల ఒక బల్ల, బీరువా, ఇనప బెంచీ. అక్కడ కూర్చునే ఆవిడని పిల్లలంతా పిన్ని అని పిలిచేవాళ్లు. ఫిర్యాదు విని రిజిస్టరులో రాయడం, దెబ్బ తిన్నవాళ్లని డాక్టరు దగ్గరికో, కౌన్సిలరు దగ్గరికో, కావాలంటే పోలీసు స్టేషనుకో వెంటబెట్టుకుని వెళ్లడం ఆవిడ పని. పదకొండేళ్లుగా అదే చేస్తోంది. ఎక్కువగా పోయిన సైకిళ్లూ, హాస్టల్లో మాయమైన ఫోన్లూ వచ్చేవి. ఒకసారి ఒకడొచ్చి తన నిద్ర దొంగతనం అయిందన్నాడు. ఎవరు చేశారని అడిగితే రూమ్మేటు గురక అన్నాడు. పిన్ని నవ్వుకుంటూనే వార్డెనుతో మాట్లాడి వాడికి వేరే గది ఇప్పించింది.

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చింది వానలు మొదలైన వారంలో. ఆర్కిటెక్చరు రెండో సంవత్సరం. చంకలో డ్రాయింగు కాగితాలు చుట్టిపెట్టిన గొట్టం, వేళ్లకి నల్ల సిరా. గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇది కంప్లయింటో కాదో నాకే తెలీదు పిన్నీ.”

“ముందు కూర్చో. చెప్పాక ఇద్దరం కలిసి తేలుద్దాం.”

పై క్లాసువాడు ఒకడు రెండు నెలలుగా వెంటపడుతున్నాడు. లైబ్రరీలో ఎదురు కుర్చీలో వాడే, బస్సులో వెనక సీట్లో వాడే. ఇష్టం లేదని మొహం మీదే చెప్పింది. అప్పట్నుంచీ మెసేజీలు. ‘ఇంకెవరితోనైనా మాట్లాడితే నీ సంగతి చూస్తా’ అన్నదాన్ని తెరిచి చూపిస్తూ ఏడ్చేసింది. పిన్ని కాగితం ఇచ్చి అంతా ఆమె చేతే రాయించి, సంతకం పెట్టించింది. గ్లాసుతో మంచినీళ్లిచ్చి, “ఇక మేం చూసుకుంటాం” అంది.

సాయంత్రం సెక్యూరిటీ ఆఫీసరు ఆ కాగితం చదివి కళ్లజోడు తీసేశాడు.

“ఏంటమ్మా ఇది? సంవత్సరం చివర మన లెక్కలు పైవాళ్లకి పంపాలి. ‘బెదిరింపు’ అని రాస్తే కాలేజీ పరువు బజారున పడదూ? పిల్లలన్నాక మాటా మాటా అనుకుంటారు. ‘మాటల తగాదా’ అని రాసెయ్యండి. వాణ్ణి పిలిచి నేను నాలుగు తగిలిస్తాగా.”

ఆయన చెడ్డవాడేం కాదు. భర్త పోయి దిక్కు తోచకుండా ఉన్నప్పుడు ఆవిడకి ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆయన మాట కాదనడం ఆవిడకి అలవాటు లేదు. రిజిస్టరులో ‘మాటల తగాదా’ అని రాసింది. అమ్మాయి రాసిన కాగితాన్ని చించెయ్యమని ఆయన చెప్పినా చేతులు రాక సొరుగు అడుక్కి తోసింది.

మూడు వారాల తర్వాత అమ్మాయి మళ్లీ వచ్చింది. వాడు డ్రాయింగు స్టూడియోలో ఆమె బల్ల మీదున్న డ్రాయింగులన్నీ చింపేశాడు. వారం రోజుల పని. ఈసారి ఆమె ఏడవలేదు, గబగబా రాసిచ్చి వెళ్లిపోయింది. ఈసారి పిన్నికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తనంతట తనే ‘మాటల తగాదా’ అని రాసి, కాగితాన్ని సొరుగులో మొదటిదాని మీద పెట్టింది.

మూడోసారి అమ్మాయి రాలేదు. పట్టపగలు, భోజనాల వేళ, వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. స్టూడియో మెట్ల మీద వాడు ఆమె బ్యాగు పట్టుకుని లాగాడట, వదిలించుకోబోతే తోసేశాడట. పిన్ని వెళ్లేసరికి ఆమె మెట్ల కింద గోడకి చేరగిలబడి ఉంది. కుడి మణికట్టు పక్కకి తిరిగిపోయింది. అంబులెన్సులో పిన్ని పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. అమ్మాయి మొహం అటు తిప్పుకుంది.

అయిదో రోజు ఆమె తండ్రి ఆఫీసరు గదికి వచ్చాడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. సన్నటి మనిషి, గొంతు ఎత్తి మాట్లాడటం రానివాడు.

“మా పాప ఇంతకుముందు మీకేమైనా చెప్పిందాండీ?”

“ఏదో చిన్న మాటల తగాదా అని రిజిస్టరులో ఉంది. అంతకుమించి మా దృష్టికి రాలేదు” అన్నాడు ఆఫీసరు.

తండ్రి తల ఊపి, పక్కన నిలబడ్డ పిన్ని వైపు తిరిగాడు.

“ఇంట్లో దిగులుగా ఉంటే అడిగానమ్మా. ‘కాలేజీలో చెప్పాను నాన్నా, వాళ్లు చూసుకుంటున్నారు’ అంది. సరేలే, పెద్దవాళ్లున్నారు కదా అని నేనూ ఊరుకున్నా.”

పిన్ని తన గదికి వెళ్లింది. సొరుగులోంచి ఆ రెండు కాగితాలూ తీసుకొచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

“ఏం చేస్తున్నారో తెలుస్తోందా మీకు?” అన్నాడు ఆఫీసరు.

“ఇప్పుడు తెలుస్తోంది సార్.”

తండ్రి నిలబడే రెండూ చదివాడు. కూతురి రాత మీద వేలితో ఒకసారి నిమిరి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది పిన్నికి.

విచారణ జరిగింది. రెండోసారి ఎవరూ చెప్పకుండానే తనే అలా రాశానని కూడా పిన్ని దాచకుండా చెప్పింది. వాణ్ణి కాలేజీలోంచి తీసేశారు, పోలీసు కేసు పెట్టారు. ఆఫీసరుని బదిలీ చేశారు. పిన్ని ఉద్యోగం పోలేదు గానీ, రెండో అంతస్తులోని పరీక్షల విభాగంలో జవాబు పత్రాల కట్టలు కట్టే పనికి వేశారు. సహాయ కేంద్రంలో కొత్తావిడ కూర్చుంది.

అమ్మాయి మణికట్టుకి రెండు ఆపరేషన్లయ్యాయి. పది నిమిషాలు పెన్సిలు పట్టుకుంటే వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. ఆర్కిటెక్చరు మానేసి వేరే ఊళ్లో డిగ్రీలో చేరుతోందని, టీసీ కోసం వస్తుందని ఆఫీసులో అనుకుంటుంటే పిన్ని విన్నది. తన దగ్గరికి వస్తుందని మాత్రం అనుకోలేదు.

పిన్ని దారంతో కట్ట బిగిస్తుంటే అమ్మాయి వచ్చి బల్లకి అవతల నిలబడింది. బాగా చిక్కిపోయింది.

“ఒక్కటే అడగాలి పిన్నీ. మొదటిరోజు నేను చెప్పినప్పుడు మీరు నమ్మారా?”

“నమ్మాను.”

“అంతా?”

“ప్రతి మాటా నమ్మానమ్మా.”

అమ్మాయి ఆ కట్టల వైపు చూసింది. “నేనే సరిగ్గా చెప్పలేకపోయానేమో అనుకున్నా ఇన్నాళ్లూ. ఇంకాస్త గట్టిగా చెప్పుంటే బాగుండేదని.”

“లేదు. నువ్వు సరిగ్గానే చెప్పావు. నాకే ధైర్యం చాల్లేదు.” పిన్ని చేతిలో దారం వదిలేసింది. “నన్ను క్షమించమని...”

“వద్దు పిన్నీ, అడక్కండి. మీరడిగితే నేను సరే అనాల్సొస్తుంది. నాకింకా అనాలని లేదు.”

పిన్ని తల ఊపింది.

కింద తండ్రి ఎదురుచూస్తున్నాడు. లిఫ్టు పాడైంది. అమ్మాయి మెట్ల దగ్గర ఆగి, ఎడమచేత్తో రెయిలింగు పట్టుకుని కిందికి చూసింది. ఒక కాలు దింపి మళ్లీ వెనక్కి తీసుకుంది. పిన్ని చెయ్యి చాచలేదు, ఆమెకంటే ఒక మెట్టు కిందకి దిగి నిలబడింది. అలా ఒక్కొక్కటే, ముందు పిన్ని, వెనక అమ్మాయి, రెండంతస్తులూ దిగారు.

తండ్రి ఎదురొచ్చి కూతురి బ్యాగు అందుకున్నాడు. ఇద్దరూ గేటు దాటి బస్టాపు వైపు మళ్లేదాకా పిన్ని అక్కడే ఉంది. తర్వాత చివరి మెట్టు మీద కూలబడి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి పైనుంచి ఎవరో జవాబు పత్రాల కట్టల కోసం కేకేస్తే, మొహం తుడుచుకుని లేచింది.