ఉత్త చేతులతో వచ్చినవాడు

డుంబ్రిగుడ సంత దాటి కొండెక్కితే వచ్చే ఆ చిన్న ఊళ్లో, చైత్రమాసం ఇటుకల పండగకి మగవాళ్లు వేటకు వెళతారు. ఇప్పుడు వేటేముంది, నా మొహం! ఫారెస్టువాళ్ల భయమొకటి, అడవిలో జంతువే లేకపోవడమొకటి. ఓ అడవికోడి దొరికితే అదే పదివేలు. అయినా ఆచారం ఆచారమే. ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి ఊరి మొదట్లో ఆడవాళ్లు వెదురుగడ అడ్డంపెట్టి ఆపేస్తారు. పేడనీళ్లు కొట్టి, నవ్వి, మళ్లీ అడవికి తరుముతారు. తరిమిన ఆడదే ఆ తర్వాత కాళ్లమీద నీళ్లు పోస్తేగాని అతను గడ దాటకూడదు.

పోయినేడు సుక్రును అలా తరిమింది అతని పెళ్లాం కనకే. సుక్రు బాగా పొడుగు. వంగకుండా దూరబోయి గడకు నుదురు కొట్టుకున్నాడు. అందరూ పకపకా నవ్వారు.

"కోడైనా నేకుండా ఏ మొకం పెట్టుకుని వొచ్చినావు? ఎల్లెల్లు!" అంటూ కనక పేడనీళ్లు కొట్టింది.

సుక్రు నుదురు రుద్దుకుంటూ, నవ్వుతూనే వెనక్కి తిరిగాడు. ముందురోజే కాఫీ పూతకు మంచి వాన పడిందని ఊరంతా సంబరంగా ఉంది. అడవికి దారి ఎర్రచరియ కిందనుంచే. రోడ్డు కోసం ఆ కొండ పాదాన్ని మిషన్లతో గీకేసినప్పటినుంచీ అక్కడ మట్టి వదులైపోయింది. సుక్రు సరిగ్గా దాని కింద ఉండగా చరియ విరిగిపడింది. ఎంత తవ్వినా అతని విల్లు దొరికింది గాని, అతను దొరకలేదు.

అప్పటినుంచీ పొద్దువాలే వేళకు ఊరి మొదట్లో గులకరాళ్లు దొర్లిన చప్పుడు కనకకు వినిపిస్తుంది. ఎవరో నడిచి వచ్చి, గడ పెట్టే చోట ఆగిపోయినట్టు ఉంటుంది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. కుక్కలు మాత్రం మొరగవు, అటే చూస్తూ తోక ఊపుతాయి. తెలిసినవాడైతేనే కదా కుక్క తోక ఊపేది!

ఊరు మాత్రం కాస్త బుద్ధి తెచ్చుకుంది. చరియ కింద గుంపుగా నడవడం మానేశారు. ఒకరు దాటేదాకా మిగిలినవాళ్లు పైకి చూస్తూ నిలబడతారు. మధ్యలో చుట్ట వెలిగించుకోవడానికి కూడా ఎవరూ ఆగరు. చరియలోంచి ఊళ్లోకి దిగే ఊట తేటగా ఉంటే వెళతారు, ఎర్రబడితే చరియ కదులుతోందని ఇంట్లో కూర్చుంటారు. ఈ జాగ్రత్తలన్నీ పండగ వచ్చేదాకానే. పండగ రాగానే అందరూ అన్నీ మరిచిపోయారు.

ఈ ఏడు పండగనాటి మధ్యాహ్నం కుండపోతగా కురిసి వెలిసింది. పొద్దువాలే వేళకు వేటగాళ్లు తడిసి ముద్దై దిగివచ్చారు. అందరివీ ఉత్త చేతులే. ముసలి యర్రమ్మ గడ పట్టుకుని నిలబడింది. కనక చెల్లెలి కూతురు సుమ, కొత్త పెళ్లికూతురు, మొగుడు కామేష్ మీద పేడనీళ్లు చల్లింది.

"ఏటి, సేతులూపుకుంటా వొచ్చేసినావు? పో, బేగి పో!"

కామేష్ నవ్వుతూ వెనక్కి తిరిగాడు. ఆ నవ్వు చూసి, ఊటనుంచి బిందెతో వస్తున్న కనక గబగబా దగ్గరికి వచ్చింది.

"సుమా, ఆడిని ఎనక్కి పిలు."

"ఉండు పెద్దమ్మా! ఎలాగ పోతన్నాడో సూడు!"

కనక బిందె కాస్త ఒంపింది. నీళ్లు ఎర్రగా పడ్డాయి. సుమ నవ్వు టక్కున ఆగిపోయింది. యర్రమ్మ మాత్రం గడ ఎత్తలేదు.

"ఆచారం తప్పితే కొండదేవత ఊరుకుంటాదేటి?"

"ఆ కోపమేదో నాకే తగల్నీ. నాకింక పోడానికేటున్నాది?"

కనక గడ కింద దూరి పరిగెత్తి, కామేష్ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. బిందె సుమకిచ్చి, "పొయ్యి" అంది. సుమ మొగుడి కాళ్లమీద పోసింది. అది చూసి మిగతా ఆడవాళ్లు కూడా ఆ ఎర్రనీళ్లే తమ మగవాళ్ల కాళ్లమీద పోశారు. గడ కిందనుంచి ఒక్కొక్కరే వంగి లోపలికి వచ్చారు.

తర్వాత అందరూ చరియవైపే చూస్తూ నిలబడ్డారు. మసక చీకటి పడింది. ఒక్క పెళ్ల కూడా రాలలేదు.

"ఏదీ, పడనేదే!" అని గొణిగింది యర్రమ్మ. "పండగంతా పాడుసేసినావు."

అప్పుడే దారిమీద గులకరాళ్లు దొర్లాయి. ఈసారి అందరూ విన్నారు. చప్పుడు దగ్గరికి వచ్చి, గడ అవతల ఆగిపోయింది. కుక్కలు లేచి తోక ఊపాయి.

బిందె అడుగున చారెడు నీళ్లు మిగిలాయి. కనక గడ దగ్గరకు వెళ్లింది. ఏడాదిగా దాచుకున్న మాట ఏడుపుతో కలిసి బయటికి వచ్చింది.

"రా మావా. ఉత్తి సేతుల్తోనే వొచ్చీ. ఇంకెప్పుడూ ఎల్లమన్ను."

అవతల ఖాళీగా ఉన్న నేలమీద ఆ నీళ్లు పోసింది. అందాకా ఎవరికోసమూ కదపని గడను యర్రమ్మ రెండు చేతులతో తన తల పైకంటా ఎత్తి పట్టుకుంది. సుక్రు పొడుగు మనిషి కదా.