ఆది గొంతు

స్టవ్ మీద కుక్కరు పెట్టి, దుప్పట్ల బీరువాలో తల దూర్చి, ఫోన్లో రికార్డింగ్ నొక్కి, మా ఆయన ఇచ్చిన కాగితం చదవడం మొదలుపెడతాను. దుప్పట్ల మధ్య అయితే గొంతు గదిలో మోగదు. మధ్యలో విజిల్ వస్తే ఆగుతాను. అది అయ్యాక మళ్లీ అందుకుంటాను. ఆ విజిల్‌ని ఆయన కంప్యూటర్లో తుడిచేస్తారు. ఖాళీ మాత్రం అలాగే ఉండిపోతుంది. మూడేళ్లుగా ఇదే నా స్టూడియో. రికార్డింగప్పుడు తలుపు మీద వెలిగే ఎర్ర దీపం ఒక్కటే తక్కువ.

మా ఆయన కంపెనీలకి వీడియోలు తీస్తారు. నేను చదివినదాన్ని బట్టి బొమ్మలు కత్తిరిస్తారు, సంగీతం మాస్టారు దానికి బాణీ కడతారు. చివర్లో అసలు ఆర్టిస్టు వచ్చి చదువుతుంది, నా గొంతు తీసేస్తారు.

"నీది ఆది జాకెట్టు లాంటిదోయ్. టైలరుకి కొలత కోసం ఇస్తాం. దాన్నే పెళ్లికి తొడుక్కెళ్తామా?" అన్నారు మొదట్లోనే. పోలిక బాగానే ఉంది. ఒంటికి సరిగ్గా సరిపోయేది అదొక్కటేనని మాత్రం ఆయనకి తట్టలేదు.

ఒక్కసారి, ఒకే ఒక్క వీడియోలో నా గొంతు తుడవకుండా ఉంచితే బావుండునని నాకుండేది. ఎవరితో అంటాను? కాలేజీలో వక్తృత్వానికి ఇచ్చిన కప్పుల్లో ఇప్పుడు గరిటెలు నిలబడి ఉన్నాయి. ఆయన ఫోన్లో ఉంటే నా వైపు అరచెయ్యి కిందికి ఊపుతారు, టీవీ సౌండులా నేను తగ్గాలి. మా అత్తగారికి చెయ్యి ఊపే ఓపిక లేదు. "ఏమిటమ్మా, పక్కింటివాళ్లకి కూడా కలిపి చెబుతున్నావా?" అంటారు.

ఈసారి వీడియో ఒక దుప్పట్ల కంపెనీది. దుప్పట్ల మధ్యే చదివాను. ఇంత నిజాయితీ ఏ ప్రకటనకుంటుంది?

నిన్న మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే మా ఆయన ఫోను. "ఉన్నపళంగా స్టూడియోకి రా. ఆర్టిస్టుకి కాస్త నేర్పాలి. ఐదింటికి కంపెనీ ఓనరు వస్తాడు."

వెళ్లాను. మేం ఇంట్లో తేనెగొంతు అని పిలుచుకునే అమ్మాయి అద్దాల గదిలో చెవులకి హెడ్‌ఫోన్లతో ఉంది. చక్కగానే చదువుతోంది. కానీ వేణువు పైకి లేచే చోటల్లా ఆమె మాట అడ్డుపడుతోంది.

సంగీతం మాస్టారు తల పట్టుకుని ఉన్నారు. "మీరు మూడుచోట్ల ఆగారు చూడండమ్మా, అక్కడే వేణువు పెట్టాను. ఎంత భావం! ఆ ఆగడం ఎలా వచ్చింది మీకు?"

కుక్కరు వల్ల అని చెప్పి ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక చిరునవ్వు నవ్వాను.

అద్దాల గదిలోకి వెళ్లి ఆ అమ్మాయికి చెప్పాను. "మనం మాట్లాడుతుంటే ఎవరో అడ్డొస్తారని ముందే తెలుస్తుంది కదా? మాట మింగకుండా, నాలుక మీదే పట్టుకుని ఆగు. వాళ్లదయ్యాక విడిచిపెట్టు."

నాలుగుసార్లు ప్రయత్నించింది. ఐదోసారి హెడ్‌ఫోన్లు తీసేసింది. "అక్కా, మా ఇంట్లో నాకెవరూ అడ్డురారు. ఇది నాకు రాదు. ఇంత బాగా చదివారు, మీరే చదివేయొచ్చుగా?"

బయటి మైకులోంచి మా ఆయన నవ్వు వినిపించింది. "ఆవిడా? ఆవిడకి మైకు అలవాటు లేదమ్మా."

"మూడేళ్లుగా నేను బాణీ కడుతున్నది ఆవిడ గొంతుకే కదండీ," అన్నారు మాస్టారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

తేనెగొంతు లేచి నాకు కుర్చీ ఇచ్చింది. కూర్చున్నాను. తలుపు మూసుకుంది. పైన ఎర్ర దీపం వెలిగింది. అద్దం అవతల మా ఆయన అలవాటు కొద్దీ అరచెయ్యి కిందికి ఊపుతూ, "కాస్త గొంతు తగ్గించి..." అంటున్నారు.

"ఏవండీ," అన్నాను, "మీరు కాసేపు మాట్లాడకండి. రికార్డింగ్ జరుగుతోంది. అన్నట్టు, చివర పేర్లు వేస్తారుగా, నాది ముందు వేయండి. తర్వాత మర్చిపోతారు."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

చదివాను. మూడుచోట్లా ఆగాను. విజిల్ లేదు, తొందర లేదు. వేణువు లేచి, తన పని ముగించుకుని, నాకు దారిచ్చింది. ఒక్క టేకు. ఐదింటికి వచ్చిన ఓనరు రెండుసార్లు వేయించుకుని విని, "ఈ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అన్నాడు.

"బీరువాలో," అన్నాను.

ఇవాళ పొద్దున మా ఆయన వంటింటి గుమ్మంలో ఇంకో కాగితం పట్టుకుని నిలబడ్డారు. "కొలతకి... ఒక్కసారి చదివిపెడతావా?"

కాగితం అందుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. చెప్పులు వేసుకున్నాను.

"స్టూడియోలో చదువుతాను. కుక్కరు పెట్టాను, మూడు విజిల్స్ రాగానే దించండి."