తూము పక్కన రెండు తాటిచెట్లు

మిర్యాలగూడలో మా ముందుగది గోడకి నా మొదటి రాగిరేకు అచ్చుబొమ్మ ఉంటుంది. సాగర్ కాలువ తూము, వెనక వడ్లకుప్ప లాంటి గుట్ట, తూముకు ఎడమపక్కన రెండు తాటిచెట్లు. పన్నెండేళ్ల కింద దామరచర్ల దారిలో కాలువగట్టు మీద కూర్చుని, మైనం పూసిన రేకు ఒళ్లో పెట్టుకుని, సూదితో అక్కడికక్కడే గీశాను. దాన్ని ఆసిడ్‌లో ముంచి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీస్తే, మూలన నా పేరు ‘ప్రత్యూష’ అద్దంలోలా తిరగబడి పడింది. కాలేజీలో ఏడాదంతా నవ్వారు. అయినా కాకిపిల్ల కాకికి ముద్దు.

ఆ రోజు గట్టు మీద నాకు మంచినీళ్లిచ్చి, నేను గీస్తుంటే చూసిన మరియమ్మ ఇప్పుడు మా ఊళ్లోనే రైసుమిల్లులో కూలి చేస్తుంది. మొన్న సమాధుల పండుగ నాడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై రోజుల పసిగుడ్డుగా పోయిన కూతుర్ని ఆ తాటిచెట్లలో పొట్టిదాని మొదట్లో పూడ్చిందట. ముప్పై ఏళ్లుగా ఈ పండుగకు అక్కడ కొవ్వొత్తి వెలిగిస్తోంది. ఈ ఎండాకాలం ఆ చేను ఎవరో కొని, చెట్లు కొట్టేసి, మిషన్‌తో చదును చేశారు. పోయినవారం వెళ్లి చూస్తే ఏ గుర్తూ లేదు.

“నీ బొమ్మల చెట్లున్నయ్ గద బిడ్డా. అది పట్టుకొని జర నాతోని రా” అంది.

ఫ్రేము విప్పి కాగితం తీసుకుని ఆటో ఎక్కాను. దాచడమెందుకు, గర్వంగానే ఉంది. ఇన్నాళ్లకు నా బొమ్మతో ఒకరికి పని పడింది.

అప్పుడు కూర్చున్న గట్టు మీంచి చూస్తే తూము అలాగే ఉంది, గుట్ట అలాగే ఉంది. మధ్యలో అంతా చదునైన ఎర్రమట్టి. సాయంత్రపు ఎండకు చేనంతా మెల్లగా తేలుతున్నట్టుంది. నేను చేలో ఉన్నానో బొమ్మలో ఉన్నానో కాసేపు తెలియలేదు. మరియమ్మ కాళ్లు వాటంతటవే తూముకు కుడివైపు నడిచాయి. నేనే ఆపాను. బొమ్మలో చెట్లు ఎడమవైపున్నాయి కదా అని వాదించాను.

ఆమె వెనక్కి వచ్చింది. “గీసినదానివి, నీకు తెల్వదా. నాకే యాది తప్పుతున్నది” అంది.

నేను చూపించిన చోట బంతిపూలు పెట్టి కొవ్వొత్తి వెలిగించింది. చాలాసేపు కూర్చుంది. ఏటా ఇక్కడికి రాగానే ఏడుపొచ్చేదట, ఈసారి రావడం లేదట. బిడ్డ మీది ప్రేమ ఖతమైందేమోనని నెమ్మదిగా అడిగింది.

గుట్ట మీది ఎండ కళ్లలో పడుతుంటే కాగితాన్ని అడ్డం పెట్టుకున్నాను. బొమ్మ గుట్టవైపు, వెనక తెల్లవైపు నావైపు. వెలుగుకు గీతలన్నీ కాగితంలోంచి కనిపించాయి. నా పేరు తిన్నగా ఉంది. తాటిచెట్లు తూముకు కుడివైపున్నాయి.

పేరు తిరగబడిందంటే చెట్లూ తిరగబడే ఉంటాయని పన్నెండేళ్లలో ఒక్కసారీ తట్టని బుర్ర నాది. సిగ్గుతో చచ్చిపోయాను.

“తప్పు నాదమ్మా. అచ్చుల కుడిది ఎడమకు వస్తది. నీ కాళ్లకే సక్కగ తెలుసు.”

మరియమ్మ కుడివైపు నడిచింది. ఒకచోట ఆగి, కూర్చుని, మట్టి మీద చెయ్యి పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

నేను గబగబా వెళ్లి అటువైపు కొవ్వొత్తిని పెకలించబోతే వద్దంది.

“ఉండనియ్యి బిడ్డా. గాడ ఎవరి పిల్ల ఉన్నదో” అని, సంచిలోంచి ఇంకో కొవ్వొత్తి తీసింది.