ప్లాస్టిక్ తొడిగిన విముక్తి

నేను ఒక కోర్టు కాగితాన్ని. కాకినాడలో టెంట్ హౌస్ నడిపి చితికిపోయిన వీరభద్రానికి పాత అప్పులన్నిటి నుంచీ విముక్తి ఇచ్చామని నా మీద రాసి, అడుగున గుండ్రటి సీలు వేశారు. అతను నన్ను రెండు చేతులతో అందుకున్నాడు. మనిషి చెయ్యి వెచ్చగా ఉంటుందని నాకు తెలిసింది ఆ ఒక్కరోజే.

అతను తిన్నగా జిరాక్స్ షాపుకు వెళ్లి నన్ను లామినేషన్ చేయించాడు. కాగితం మీద గౌరవం ఎక్కువైతే మనవాళ్లు చేసే పని ఇదే. ఆ తర్వాత చెమ్మ తెలియదు, చెయ్యి తెలియదు. రెండేళ్లు బీరువాలో పడి ఉన్నాను. బాధా లేదు, ఇంకేమీ లేదు.

ఒక ఆసుపత్రి క్యాష్ కౌంటర్లో అతనికి ఉద్యోగం కుదిరింది. చేర్చుకునే ముందు క్రెడిట్ రిపోర్టు చూశారు. కోర్టు కొట్టేసిన బ్యాంకు అప్పు అందులో ఇంకా బాకీగానే ఉంది. నెలాఖరులోగా సరిచేయించకపోతే వేరే మనిషిని తీసుకుంటామన్నారు.

వీరభద్రం నన్ను పట్టుకుని బ్యాంకుకు పరిగెత్తాడు. నోటరీ సంతకం చేసిన నకలు కావాలన్నారు. నోటరీగారు నన్ను వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పారు.

"ప్లాస్టిక్ కింద సీలు అసలుదో కాదో ఏం తెలుస్తుందండీ? కోర్టు నుంచి కొత్త కాపీ తెచ్చేసుకోండి."

"పాడవకూడదని చేయించానండి."

"పాడవలేదు లెండి. పనికి రాదంతే."

ఇంటికొచ్చాక భార్య మంగతాయారు బ్లేడుతో ప్లాస్టిక్ ఊడదీయబోయింది. దాంతోపాటు వీరభద్రం పేరు కూడా ఊడొచ్చింది. మర్నాడే అతను కోర్టులో కొత్త కాపీకి అర్జీ పెట్టాడు.

కొత్త కాపీకి పన్నెండు రోజులు పట్టింది. దాన్ని మడిచారు, పిన్ను గుచ్చారు, ముద్రలు గుద్దారు, బ్యాంకులో ఎవరో దాని మీద టీ కూడా ఒలకబోశారు. పని మాత్రం అదే చేసింది. ఇరవై తొమ్మిదో తారీఖున రిపోర్టు సరిదిద్ది పంపారు. బాకీ లేదు. వీరభద్రం దాన్ని చదివి మంచం మీద కూర్చుండిపోయాడు.

"ఉద్యోగం వచ్చేసినట్టేనాండీ?" అంది మంగతాయారు.

"వచ్చేసినట్టే."

"మరి అలాగున్నారేంటండీ?"

"కోర్టు వదిలేసిందన్న రోజునే ఏడ్చేశాను మంగా. మళ్లీ ఏడుద్దామంటే రావట్లేదు."

జాలి పడదామని నేనూ చూశాను. నాకూ రాలేదు.