నాలుగో విమానం

స్టవ్ ఆపిందా లేదా, ఆపే ఉంటుంది, ఆపకుండా వచ్చి ఈ గదిలో తలుపేసుకునే మనిషి కాదు తను, అయినా ఆయన్ని ఒకసారి చూడమంటే బావుండేది, కానీ ఇప్పుడు నోరు విప్పితే హెడ్‌సెట్‌లో మిగతా ముగ్గురికీ వినపడుతుంది, రెక్కకి రెక్క తగిలేంత దగ్గరగా నాలుగు విమానాలు గాల్లో పోతుంటే నాలుగో విమానం నడిపే ఆవిడ స్టవ్ సంగతి అడిగిందని బేకరీ తమ్ముడు ఏడాది పొడుగునా ఏడిపిస్తాడు, చూపు తిప్పకు, తెర మీద సరిగ్గా ఎదురుగా బాబాయి విమానం తోక, ఆ ఎర్రటి తోక అంచు కింద ఆయన రెక్క దీపం కనపడుతూ ఉండాలి, దీపం దాక్కుంటే తను పైకి పోయినట్టు, దూరమైతే వెనకబడ్డట్టు, అంతే, ఆకాశం ఎటుందో నేల ఎటుందో నీకనవసరం అన్నాడు బాబాయి మొదటి రోజే, నేల సంగతి నేను చూసుకుంటానమ్మాయ్, నువ్వు నన్ను చూసుకో చాలు, ఎడమ పక్కన రెండో విమానం డాక్టరమ్మది, కుడి పక్కన మూడోది బేకరీ తమ్ముడిది, వాళ్ళిద్దరి నడుమ వెనకగా తను, దూరం నుంచి చూస్తే నలుగురూ కలిసి గాలిపటంలా ఉంటారట, ఉంటారేమో, ఇవాళ ముందు గదిలో టీవీకి కలిపి అత్తయ్య చూస్తోంది, పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపిస్తోంది, ఆవిడ గొంతు గోడ దాటి వస్తోంది, మా కోడలు నడిపేది అదిగో ఆ వెనకాలది, వెనకాలదే ముఖ్యమట, అది లేకపోతే ముందువాళ్ళు పడిపోతారట, ఎవరు చెప్పారో ఆవిడకి, నవ్వొస్తోంది, నవ్వితే చెయ్యి కదులుతుంది, నవ్వకు.

లాగుతున్నా, అని సాగదీశాడు బాబాయి, ఆ సాగదీయడంలోనే ఉంది కిటుకంతా, లా అన్నప్పుడు వేళ్ళు సిద్ధం కావాలి, గు అన్నప్పుడు జాయ్‌స్టిక్ కదలాలి, న్నా అనేసరికి నలుగురూ పైకి లేవాలి, ఎంత లాగాలి అంటే, ముక్కు మీంచి జారిపోతోందమ్మా అని తను పనిచేసే షాపుకొచ్చినవాళ్ళ కళ్ళజోడు తీసుకుని కాడని వేడి గాలికి చూపించి చెవి దగ్గర కాస్త వంచుతుందే, అంత, ఆ కాస్తే, ఇంకొంచెం వంచితే పుటుక్కుమంటుంది, నీ చేతిలో ఉంది పనితనం అని డాక్టరమ్మ అంటే పొంగిపోయింది గానీ మొదట్లో ఎన్నిసార్లు నేలకి కొట్టిందో దేవుడికే తెలియాలి, కూతురు ఉద్యోగమొచ్చి వేరే ఊరు పోతూ వదిలేసిన కంప్యూటరు ఇది, దుమ్ము తుడుద్దామని ముట్టుకుంటే తెర వెలిగింది, తెర మీద విమానం, ఎగరేస్తే పోలా అనుకుంది, స్టూలెక్కి బల్బు మార్చి, దిగడానికి కాళ్ళు రాక, ఆయన ఇంటికొచ్చేదాకా అలమరా పట్టుకుని నిలబడిపోయిన మనిషి, అలాంటిది ఇప్పుడు తలకిందులుగా ఉంది, అవును తలకిందులే, పల్టీ నడినెత్తికొచ్చింది, తోక అంచు కింద దీపం అలాగే ఉంది, కుర్చీ కదల్లేదు, కాళ్ళ కింద చాప కదల్లేదు, కడుపులో మాత్రం ఏదో చల్లగా జారి మళ్ళీ పైకొచ్చింది, ఆ జారడం కోసమే గదా వారమంతా ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేది, పొగ, అన్నాడు బాబాయి, నలుగురూ ఒక్కసారే పొగ వదిలారు, ముందు గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఈ ముగ్గురి మొహాలూ తను ఇంతవరకూ చూడలేదు, తలుచుకుంటే నవ్వుగానే ఉంటుంది, గొంతు వింటే చాలు డాక్టరమ్మ రాత్రి సరిగ్గా నిద్రపోయిందో లేదో చెప్పగలదు, పళ్ళ డాక్టరు ఆ అమ్మాయి, పగలంతా ఎవరో ఒకరి నోట్లోకి చూస్తూ ఉంటాను అక్కా, సాయంత్రానికి ఆకాశం చూడాలనిపిస్తుంది అంటుంది, బేకరీ తమ్ముడైతే కోడి కూయకముందే లేచేవాడు, సాధనలో ఆవులింతలన్నీ వాడివే, బాబాయి రైలింజను డ్రైవరు చేసి రిటైరయ్యాడు, ముప్పై ఏళ్ళు పట్టాలు ఎటు తీసుకెళ్తే అటు పోయానర్రా, ఒక్కసారైనా నా ఇష్టం వచ్చినవైపు తిప్పాలని ఉండేది అని ఈ జట్టు కట్టాడు, ఇవాళ్టి ఆట బాగుంటే ఏడాదికోసారి జరిగే పెద్ద ప్రదర్శనలో చోటిస్తామన్నారు నిర్వాహకులు, మధ్యలో చెల్లాచెదురైతే లేదన్నారు, బాబాయి పైకి ఏమీ అనడు గానీ మొన్న సాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆయనొక్కడే ఇంకా గాల్లో తిరుగుతూ కనిపించాడు, ఏంటి బాబాయ్ అంటే ఊరికే అమ్మాయ్, దారి గుర్తుపెట్టుకుంటున్నా అన్నాడు, అప్పుడు తెలిసింది ఆయనకి ఇది ఎంత కావాలో, ఇక ఒక్కటే మిగిలింది, ఆఖరి పెద్ద పల్టీ, పొగతో పైకి వెళ్ళి జనం కూర్చున్నవైపు దిగడం, ఎడమకి తిరుగుదాం అన్నాడు బాబాయి, తిరిగారు, సర్దుకోండి అన్నాడు, సర్దుకున్నారు, లా, అన్నాడు.

తరవాత ఏమీ అనలేదు, ఎర్రటి తోక ఒకసారి వణికింది, వణికి ఆగింది, కళ్ళు ఆర్పి తెరిచేలోగా లేదు, తోక లేదు, దీపం లేదు, ఉన్నచోట ఉత్త నీలం, ఆమె ఆ నీలాన్నే చూస్తూ నడుపుతోంది, చేతులకి ఇంకా తెలియలేదు, బాబాయ్ అన్నాడు బేకరీ తమ్ముడు, బాబాయ్ వినపడుతోందా, గొంతు కూడా లేదు, ఏమైందో పెద్దాయనకి, ఒంట్లో బాగానే ఉందా, ఎవరైనా ఫోన్ చేస్తే బావుండు, ఇంతలో డాక్టరమ్మ, అక్కా, ముందుకెళ్ళు, మధ్యలో ఉన్నది నువ్వే, మేం నిన్ను పట్టుకుంటాం, అంది, అవును, అది బాబాయి పెట్టిన కట్టడే, నేను లేని పూట మధ్యలో ఉన్నది ముందుకు రావాలి అని, మీరెక్కడికి పోతారు బాబాయ్ అని నవ్వేసింది అప్పుడు, ఇప్పుడు నవ్వు లేదు, నావల్ల కాదు అనాలి, ఈ పూటకి ఆపేద్దాం అనాలి, అనుకుంటూనే ఎడమ చేత్తో వేగం పెంచే థ్రాటిల్ ముందుకి తోసింది.

తోసేసరికి ఎదురుగా ఉన్నదంతా వచ్చి మీద పడ్డట్టయింది, పొలాలు, ఏరు, రన్‌వే, జనం, మబ్బు, ఇన్నాళ్ళూ ఒక తోకా ఒక దీపమూ తప్ప చూడని కళ్ళకి ఇంత పెద్ద లోకం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఇదంతా ఇక్కడే ఉందా రోజూ, ఎంత బావుంది, నేల చూసుకో, ఎత్తు చూసుకో, పిలవాలి, ఇద్దరూ తన గొంతు కోసం కాచుకుని ఉన్నారు, బాబాయిలా లాగుతున్నా అనబోయింది, రాలేదు, షాపులో రోజూ వచ్చే మాటే వచ్చింది, మెల్లిగా, తల కొంచెం పైకెత్తండి, అంది, హెడ్‌సెట్‌లో కిసుక్కుమన్నారెవరో, ఎత్తుతున్నాం అక్కా అన్నాడు బేకరీ తమ్ముడు, ఎత్తాను అంది డాక్టరమ్మ, విమానం ముక్కు లేచింది, నేల కిందకి జారిపోయింది, తెర నిండా ఆకాశమే, సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని ఆయన ఫోన్ పట్టుకుని లోపలికొచ్చాడు, బాబాయిగారట, బాగానే ఉన్నార్ట అని మెల్లిగా చెప్పి స్పీకర్ పెట్టి ఆమె భుజం పక్కనే నిలబడ్డాడు.

అమ్మాయ్ కంగారు పడకు, మీ పిన్ని హీటరూ బట్టల మెషీనూ కలిపి వేసింది, ఇంట్లో కరెంటంతా ఎగిరిపోయింది, అన్నాడు బాబాయి, వెనకాల ఎవరో ఆడమనిషి నాకేం తెలుసు మీరు మేఘాల్లో ఉన్నారని అంటోంది, చెప్పండి బాబాయ్ ఎంత లాగమంటారు అని అడిగింది ఆమె, నేను చెప్పను, నువ్వే చెప్పు, నేను మీ పిన్ని ఫోన్‌లో మిమ్మల్ని చూస్తున్నా, అన్నాడు, ఇన్నేళ్ళూ మిమ్మల్ని వెనకేసుకు తిరిగానే గానీ ఒక్కసారైనా చూశానా, బండి నడిపినప్పుడూ అంతే, పెట్టెలన్నీ వెనకాలే ఉన్నాయని తెలుసు గానీ వంపు తిరిగితే తప్ప కంటికి కనపడేవి కావు, ఎంత బావున్నారర్రా మీరు, ఎంత బావున్నారు, అన్నాడు, బేకరీ తమ్ముడి ఆవులింత లాంటిదేదో వినపడింది, ఆవులింత కాదది, వాడు ముక్కు ఎగబీల్చాడు, పక్కనే నిలబడ్డ ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడి, ఆమె చెయ్యి కదులుతుందేమోనని వెంటనే లేచిపోయింది.

పల్టీ పైకి చేరుతోంది, బొటనవేలి కింద వెనక్కి చూసే బటన్ ఉంది, నొక్కితే ఒక్క క్షణం తెర తిరిగి డాక్టరమ్మా తమ్ముడూ కనపడతారు, ఉన్నారా, దగ్గరగా ఉన్నారా, తగులుకుంటారేమో, వేలు దాని మీదకి పోయింది, ఎప్పుడూ అంతే ఈ వేలు, తాళం వేశాక మళ్ళీ లాగి చూసే వేలు, కూతురు ఫోన్‌లో చివరిసారి ఎప్పుడు కనపడిందో రోజుకి పదిసార్లు తీసి చూసే వేలు, అత్తయ్య మాత్ర వేసుకున్నానన్నా డబ్బా తెరిచి చూసే వేలు, చూస్తూ ఉంటేనే అందరూ ఉన్నచోట ఉంటారని, తను చూపు తీసేస్తే ఎవరో ఒకరు జారిపోతారని, కానీ బాబాయి ఏనాడూ చూడలేదే, తోక వెనక తను ఉందని ఆయనకి ఎలా తెలుసు, రెండు ఉన్నాను అంది డాక్టరమ్మ నెమ్మదిగా, మూడు ఉన్నాను అన్నాడు తమ్ముడు, ఆమె పొగ అంది, ముందు గదిలో మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి, అంటే మూడు చారలూ కలిసే పోతున్నాయన్నమాట, భూమంతా నెత్తి మీదకొచ్చి ఏరు ఆకాశంలో పారుతున్నట్టు మెరిసింది, బొటనవేలు దానంతటదే బటన్ మీంచి పక్కకి జరిగింది, ఎందుకంటే తన చూపు ఆసరాతో ఎవరూ గాల్లో లేరు, వాళ్ళ రెక్కల మీద వాళ్ళే ఎగురుతూ, ఇష్టపడి, తనతో వస్తున్నారు.