చప్పుడు తీసేసిన కారు

ఆమె భర్త రేసులో చనిపోలేదు. ఈ సంగతి వచ్చిన ప్రతివాళ్ళకూ విడిగా చెప్పాల్సి వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్ళు కుర్చీ అంచున కూర్చుని, గొంతు తగ్గించి, ట్రాక్ మీదేనా అని అడిగేవారు. కాదు, ఆఫీసులో లిఫ్టు కోసం నిలబడి ఉండగా తలలో నరం చిట్లింది అని చెప్పేది. వాళ్ళ మొహాలు కాస్త చిన్నబోయేవి. మలుపుల్లో టైర్లు కీచుమనిపించిన మనిషి మీట నొక్కి, లిఫ్టు కోసం ఎదురు చూస్తూ పోవడం ఎవరికీ మింగుడు పడలేదు.

ఆమెకు మాత్రం ఏదీ గొంతులో అడ్డం పడలేదు. సెలవు అయిపోగానే పనిలోకి వెళ్ళింది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలను ఫ్రేముకు సరిపడా అరగదీసి బిగించడం ఆమె పని. చేతులు వాటి పాటికి అవి పని చేసుకుపోయాయి. ఈవిడ ఒక్క చుక్క కన్నీరు కార్చలేదేమిటని చాటుగా అనుకున్నవాళ్ళున్నారు. ఆమె కూడా తన గురించి అలాగే అనుకుంది, ఎవరో పక్కింటావిడ గురించి అనుకున్నట్టు.

ఇంట్లో మిగిలింది ఆమె, అత్తగారు. కింద పార్కింగులో ఆయన కారు.

కొన్నప్పుడు అది ఎవరైనా పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకోవడానికి పనికొచ్చే బుద్ధిమంతురాలైన చిన్న కారు. ఆయనా, గ్యారేజీ నడిపే తమ్ముడూ కలిసి దాని బుద్ధి మార్చేశారు. బరువు తగ్గాలని వెనక సీటు పీకేశారు. అది చాలలేదని ముందు పక్క సీటూ పీకేశారు. బోల్తా పడినా పైకప్పు నలగకుండా లోపల ఇనప గొట్టాలతో పంజరం బిగించారు. పొట్టి స్ప్రింగులు వేసి కారును నేలకు దించారు. పొగ అడ్డూ ఆపూ లేకుండా పోయేలా వెడల్పు గొట్టం పెట్టారు. ఇంజన్‌లోని కంప్యూటర్‌కు ల్యాప్‌టాప్ తగిలించి, వేగం పెరిగేలా కొత్త లెక్కలు ఎక్కించారు. ఇక అది వీధి మొదట్లోకి వస్తే చాలు, ఆగి ఉన్న కార్ల అలారాలు వాటంతటవే మోగేవి. స్పీడ్ బ్రేకర్ దగ్గర మాత్రం నిండు చూలాలిని మెట్లు దింపినట్టు, ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి దాటించాలి. నన్నెక్కడ కూర్చోబెడతావురా, ఆ బోనులోనా అని అత్తగారు ఎప్పుడూ దెప్పేది. ఆవిడ ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఆమె వెళ్ళే బస్సు దారి మార్చేయడంతో ఆ తాళాలు చేతికి తీసుకోక తప్పలేదు. క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు పట్టేసింది. సాయంత్రం పళ్ళు అదిరే చప్పుడుతో ఇంటికి తెచ్చి, కింద ఆపి, పైకి వచ్చి తలుపు తీసింది.

అత్తగారు వంటగదిలో నిలబడి ఉంది. పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆవిడ చేతిలో కొడుకు కప్పు ఉంది.

ఆవిడకు మతి తప్పలేదు. చెవులు ఆ కారు చప్పుడు విన్నాయి, కాళ్ళు లేచాయి, అంతే. కోడలిని చూసి కప్పు మళ్ళీ బోర్లించి పెట్టింది. టీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

మర్నాడు ఆమె తిన్నగా గ్యారేజీకి వెళ్ళింది. మరిదిని అక్కడందరూ స్పానర్ అంటారు. చేతిలో స్పానర్ లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి.

"దీన్ని మామూలు కారు చేసెయ్" అంది.

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మరక వదిలాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇది అన్న చేతి పని వదినా అన్నాడు. ఇలా కుదిరిన ఇంజన్ మళ్ళీ కుదరదన్నాడు. కావాలంటే వేరే కారు చూసిపెడతానన్నాడు. ఆమె వాదించలేదు, అలాగని కదలనూ లేదు. చివరికి అతనే దిగివచ్చాడు. ఆదివారం రేసుకు అన్న ముందే పేరిచ్చి ఉన్నాడు, ఆయన బదులు ఒక్కసారి తనను నడపనిమ్మన్నాడు. ఆ తర్వాత నీ ఇష్టం అన్నాడు.

సరే అంది. ఆ రోజుల్లో ఆమెకు సరే అన్నా, కాదన్నా ఒకటే.

ఆదివారం ట్రాక్ పక్కన ఇనప కంచె పట్టుకుని నిలబడింది. ఎవరో నల్ల రిబ్బన్ ఇస్తే పెట్టుకుంది. ఎవరో మంచినీళ్ళ సీసా ఇస్తే పట్టుకుంది. జెండా ఊపగానే కార్లన్నీ తేనెటీగల్లా ముసురుకుంటూ వెళ్ళాయి. స్పానర్ బాగానే నడిపాడు. రెండు పెద్ద కార్లను లోపలి వైపు నుంచి దాటి ముందుకొచ్చేసరికి జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. తరువాతి చుట్టులో అతను అందరితో పాటు వెళ్ళకుండా పక్కకు తిప్పి, మరమ్మతు షెడ్డులోకి వచ్చి ఆగిపోయాడు.

కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి బానెట్ తీశారు. వేడి లేదు, కారుతున్నదేమీ లేదు, ఇంజన్ దివ్యంగా ఉంది. స్పానర్ దిగలేదు. హెల్మెట్‌తోనే కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని ముందుకు చూస్తున్నాడు.

ఆమె పంజరం గొట్టాల మధ్య నుంచి లోపలికి వంగి అతని బెల్టులు ఒక్కొక్కటే విప్పింది. హెల్మెట్ తీసింది. మొహమంతా తడిసి ఉంది.

"మలుపు మలుపుకీ అన్న చెవిలో చెబుతున్నట్టే ఉంది వదినా. ఇంకొంచెం ఆగు, బ్రేకు అప్పుడే వెయ్యకు అంటున్నాడు" అన్నాడు. "నా వల్ల కాలేదు."

ఆమె అతని పక్కన, సీటు లేని చోట కారు నేల మీద కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. అప్పుడు ఆ సాయంత్రం సంగతి చెప్పింది, టీ గురించీ, కప్పు గురించీ. స్పానర్ విని తల వంచుకున్నాడు. రేపు తీసుకురా అన్నాడు.

పని మూడు సాయంత్రాలు పట్టింది. ఆమె దుకాణం నుంచి నేరుగా వచ్చి లైటు పట్టుకుని నిలబడేది. పంజరం ఊడింది. వెడల్పు గొట్టం ఊడింది. పాత భాగాలు ఏమయ్యాయని అడిగితే అతను నిచ్చెన వేసి అటక మీది నుంచి మూటలు దించాడు. వెనక సీటు, ముందు సీటు, స్ప్రింగులు, సైలెన్సర్ అన్నీ భద్రంగా దుప్పట్లలో చుట్టి ఉన్నాయి.

దుప్పట్లు ఆమెవి. బట్టలు ఉతికే మనిషి మాయం చేసిందని ఎన్నో ఏళ్ళ క్రితం ఆ మనిషిని పని మాన్పించేసింది.

"నా నీలి దుప్పటి" అంది.

"అన్నే, మన గుట్టు చెప్పకురా అన్నాడు" అన్నాడు స్పానర్, భయం భయంగా.

ఆమెకు కోపం వచ్చింది. చాలా రోజులకు ఏదో ఒకటి వచ్చింది. గ్రీజు మరకల దుప్పటి పట్టుకుని, ఎదురుగా నిలబెట్టి తిట్టడానికి భర్త లేక, ఏం చెయ్యాలో తెలియక నిలబడింది. కాసేపటికి అదీ దిగిపోయింది. దుప్పటి మడత పెట్టి పక్కన పెట్టి మళ్ళీ లైటు పట్టుకుంది.

ఆఖరున అతను ల్యాప్‌టాప్ తగిలించి కంపెనీ లెక్కలు తిరిగి ఎక్కించాడు. తాళం తిప్పితే ఇంజన్ నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళి తలుపు తడితే అత్తగారు ఉలిక్కిపడింది.

"దేంట్లో వచ్చావే? కారు ఇచ్చేశావా?"

"లేదత్తయ్యా, కిందే ఉంది. చప్పుడు తీయించేశాను."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. "నాకోసమా?" అంది.

"అవును."

"నేను పిచ్చిదాన్ని కాదమ్మాయ్. వాడు కాదని తెలుసు. నువ్వు గుమ్మం దాకా వచ్చేలోపు తెలిసిపోతుంది." చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "కానీ ఆ కాస్సేపు బాగుండేది."

కోడలు ఆ చప్పుడు మళ్ళీ పెట్టించనా అని అడిగింది, నిజంగానే. వద్దులే, ఊరందరి నిద్రా చెడుతుంది అంది అత్తగారు.

మర్నాడు దుకాణానికి సెలవు. అత్తగారు చెప్పులు వేసుకుని, నన్ను ఎక్కడికైనా తిప్పుకురా అంది. ఎక్కడికి అంటే ఎక్కడికైనా అంది. వెనక సీటులో కూర్చుని కిటికీ దించుకుని, దుకాణాల బోర్డులు పైకి చదువుతూ, ఊరి చివరి పెద్ద రోడ్డు చేరేసరికి తల వాల్చి నిద్రపోయింది. ఇంట్లో అంత గాఢంగా నిద్రపోయి చాలా రోజులైంది.

ఇంటివైపు తిరగాల్సిన మలుపు వచ్చింది. ఆమె తిరగలేదు. లారీల వెనక, ఎవరినీ దాటకుండా, ఒకే వేగంతో పోతూ ఉంది. చాలా దూరం వెళ్ళాక, ఎన్నాళ్ళకో తనకు ఆకలి వేస్తోందని తెలిసింది. ముందు ఏదైనా హోటల్ కనిపిస్తుందేమోనని చూస్తూ నడిపింది.